గాలి తగిలినా కాలే చెయ్యి

ఫిజియోథెరపీ చదివి కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఆదోనిలో మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ "మేడమ్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అంటారు. పక్షవాతంతో మంచం పట్టిన మనిషి నడుచుకుంటూ వెళ్ళి బస్సెక్కిన కథ చెబుతాను. అది వాళ్ళకీ బాగుంటుంది, నాకూ గొప్పగా ఉంటుంది. ఈ కథ మాత్రం చెప్పను. చెప్పడం మొదలుపెడితే ఆ రోజులాగే ఎక్కడున్నదాన్ని అక్కడే కూర్చుండిపోతాను. రాయడమైతే కుర్చీలో కూర్చుని రాయొచ్చు గనక రాస్తున్నాను.

నేను పనిచేసింది ఆదోనిలో ఒక ట్రస్టు ఆసుపత్రిలో. ఉద్యోగం చివరి ఏళ్ళలో ఎమ్మిగనూరులో ఒక చిన్న శాఖ తెరిచి, వారంలో కొన్ని రోజులు నన్ను అక్కడికి పంపారు. శాఖ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒకప్పుడు నూలు బేళ్ళు పెట్టుకున్న గోడౌన్లో రెండు బల్లలు, నొప్పులకు కరెంటు పెట్టే యంత్రం ఒకటి, ఒకే ఒక్క ఫ్యాను. గుంత మగ్గం మీద కూర్చుని కూర్చుని నడుములు పట్టేసిన నేతగాళ్ళు, మెడలు పట్టేసిన హమాలీలు పొద్దున్నే వచ్చి ఆ ఫ్యాను కింద చోటు పట్టుకునేవారు. వాళ్ళలో కొందరు నా వైద్యం కోసం వచ్చేవారో ఫ్యాను కోసం వచ్చేవారో నాకు చివరిదాకా తెలియలేదు.

అలాంటి గదిలోకి ఒక ఎండాకాలం పూట ఒకామె వచ్చి ఫ్యాను ఆపమని అడిగింది.

ముప్పై దాటని మనిషి. గోనెగండ్ల అవతల ఒక పల్లెనుంచి అత్తతో కలిసి వచ్చింది. ఎడమ చేతిని ఒంటికి దూరంగా, గాల్లో పైకెత్తి పట్టుకుంది. నిండు గిన్నె తొణక్కుండా తెచ్చే మనిషిలా అడుగులో అడుగు వేస్తోంది. చీర కొంగు ఎక్కడ ఆ చేతికి తగులుతుందోనని దాన్ని కుడివైపుకు తెచ్చి నడుంలో దోపుకుంది.

"ఫ్యాను ఆపుతారా మేడమ్? గాలికి సెయ్యి కాల్తాంది" అంది.

కింద కూర్చున్న ముసలి నేతగాడికి ఒళ్ళు మండింది. "నీ ఒక్కదాని కోసరం మేమంతా ఉడకాల్నా?" అన్నాడు.

ఆమె అత్త వెనక్కి తగ్గే మనిషి కాదు. పొలం పనుల్లో నలిగిన గట్టి శరీరం, అంతకంటే గట్టి గొంతు. "కాస్సేపు ఉడుకప్పా. కరిగిపోతావా ఏంది?" అని తనే వెళ్ళి స్విచ్చి ఆపేసింది. ఆ అత్తాకోడళ్ళ మీద నాకు అక్కడే ఇష్టం కలిగింది.

జరిగింది చిన్న దెబ్బే. పత్తి లోడు మీదనుంచి దిగుతూ జారి, మణికట్టు మీద పడింది. ఊళ్ళో నాటు కట్టు కట్టించారు. వెదురు బద్దలు పెట్టి బిగించిన ఆ కట్టు ఉన్నన్నాళ్ళూ చెయ్యి లోపల మంట మంట అని ఏడుస్తూనే ఉందట. ఎముక అతుక్కుంటున్నప్పుడు అట్లే ఉంటుందని అందరూ సర్ది చెప్పారు. కట్టు విప్పాక చెయ్యి ఎర్రగా ఉబ్బి, చర్మం నూనె రాసినట్టు మెరుస్తోంది. ఒక పూట వేడిగా, ఇంకో పూట చల్లగా నీలంగా మారుతోంది. ఆదోనిలో మా ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఎముక చక్కగా అతుక్కుందనీ ఇక తను చేయాల్సిందేమీ లేదనీ చెప్పి, చేతిని వంచమని చీటీ రాసి నా దగ్గరికి పంపాడు.

తాకితే ఎక్కడెక్కడ నొప్పి పుడుతుందో చూడటానికి మేము దూది వాడతాం. చిన్న దూది పోగు తీసి ఆమె చేతి వెనక ఆనించాను. ఆమె బల్ల మీదనుంచి ఎగిరి గోడకు కొట్టుకుంది. అరుపు కూడా రాలేదు, నోరు మాత్రం తెరుచుకుంది. కాసేపటికి ఊపిరి తీసుకుని, "నిప్పు పెట్టినారు మేడమ్" అంది.

గదిలో ఒకరిద్దరు నవ్వారు. దూది తగిలితే కాలడమేమిటని వాళ్ళ ఆశ్చర్యం. అత్త వాళ్ళ వైపు చూడలేదు, నా వైపు చూసి చెప్పింది. "మా ఊర్లో పత్తి తీసేదాంట్లో దీని ముందర నిలిచేటోళ్ళు లేరు మేడమ్. రెండు సాళ్ళు ఒకేపారి పట్టుకుని పోయేది. ఇప్పుడు పత్తి సూస్తేనే సెయ్యి ఎనక్కి తీసుకుంటాది. ఊర్లోవాళ్ళు పని ఎగ్గొట్టనీకి ఏషాలంటాండారు. పని ఎగ్గొట్టే మనిషైతే నాకు తెలీదా?"

ఆ మాట నాకు సగం వైద్యం లాంటిది. ఇలాంటి జబ్బులో మొదట పోయేది ఇంట్లోవాళ్ళ నమ్మకం. ఈమెకు అది పోలేదు.

ఆదోనిలో మా మత్తు డాక్టరు ఒకాయన ఉండేవాడు. లావుపాటి మనిషి, ఆపరేషన్ థియేటర్లో కూడా కబుర్లు ఆపేవాడు కాదు. తగ్గని నొప్పుల గురించి ఇష్టంగా చదువుకునేవాడు. ఆయనకు ఆమెను చూపించాను. చాలాసేపు చేతిని ముట్టకుండా చుట్టూ తిరిగి చూశాడు. తరవాత నన్ను పక్కకు పిలిచి, ఆమె ప్రశ్నలకు సరిగ్గా జవాబులు చెబుతోందా, నిద్రపోతోందా, ఏమైనా మరిచిపోతోందా అని అడిగాడు. చేతి నొప్పికీ మతిమరుపుకూ సంబంధమేమిటని నేను విసుక్కున్నాను.

"ఉంటాదమ్మా" అన్నాడు. "నరం దెబ్బతింటే వెన్నుపాములో, మెదడులో కాపలా కణాలు లేస్తాయి. లేవాల్సిందే. గాయం మానినాంక అవి పడుకోవాల. కొందరిలో పడుకోవు. ఏవేవో రసాయనాలు వదుల్తానే ఉంటాయి. లోపల సన్నగా రగుల్తానే ఉంటాది. జ్వరం రాదు, మామూలు స్కానులో కనపడదు. భయం పుట్టే చోటు, నిద్ర వచ్చే చోటు, మన ఒళ్ళు మనదని తెలిసే చోటు, అన్నీ ఆ సెగలోనే ఉంటాయి."

"ఇదంతా తేలిపోయిన సంగతేనా?" అని అడిగాను.

"ఇంకా తేల్చుకుంటాండారు. ఎవరిలో ఎందుకు ఆరదో సరిగ్గా ఎవరికీ తెలీదు. వీధిలో ఒకసారి దొంగ పడినాడనుకో. వాడు పోయినాంక కూడా కుక్కలు ఊరుకోవు. మన ఇంటి మనిషే వచ్చినా మొరుగుతాయి. ఈమెకు దూది తగిలినా అట్లే."

ఆ మాట విన్నాక ఎమ్మిగనూరు బస్సులో తిరిగి వెళ్తూ నాకు భయం వేసింది. కీలు పట్టేస్తే వంచడం నాకు తెలుసు, కండ సన్నబడితే పెంచడం తెలుసు. ఆరని మెదడు మీద చెయ్యి వేసే పని నేనెప్పుడూ చేయలేదు.

మందులు ఆయన రాశాడు. నా వంతు పని రెండు రకాలు. ఒకటి, చేతికి మెల్లగా స్పర్శ అలవాటు చేయడం. మొదట భుజం దగ్గర పట్టుగుడ్డ ఆనించి, అక్కడినుంచి రోజుకు కొంచెం కిందికి. రెండోది ఫోటోలు. చేతుల ఫోటోలు ఒక్కొక్కటే చూపించి అది కుడి చెయ్యా ఎడమ చెయ్యా అని అడగాలి. ఇలాంటి నొప్పి ముదిరినవాళ్ళు చాలామంది అది వెంటనే చెప్పలేరు. అడగ్గా అడగ్గా మెదడు ఆ చేతిని మళ్ళీ గుర్తుపడుతుందని మా నమ్మకం. శాఖలో ఊడ్చి తుడిచే మా ఆయమ్మ చేతులనే నా ఫోనులో రకరకాలుగా తీసి, ఎమ్మిగనూరు స్టూడియోలో ప్రింట్లు తీయించాను. మొహం లేకుండా ఉత్త చేతులు ఫోటో తీయించుకున్న మొదటి మనిషిని తానేనని ఆయమ్మ నాలుగు రోజులు అందరికీ చెప్పుకుంది.

ఫోటో ముందు పెడితే ఆ కోడలు చాలాసేపు చూసేది. పెదాలు కదిలేవి. మెడ అటూ ఇటూ వంచేది. అంతసేపు చూసి, సగం సార్లు తప్పు చెప్పేది. తప్పని చెబితే ఆమె మొహంలో కనిపించే భయం చూడలేక నేను కిటికీ వైపు తిరిగేదాన్ని.

ఒక రోజు ఫోటోలు పక్కన పెట్టి తన ఎడమ చేతిని చూసుకుంటూ, ఎవరి గురించో చెబుతున్నట్టు మెల్లగా అంది. "ఇది నాది కాదు మేడమ్. ఎవరిదో తెచ్చి నాకు అతికిచ్చినారు."

"అట్లనొద్దమ్మా, నీదే" అన్నాను.

"నాదైతే నేను సెప్పినట్టు ఇనాల గదా. కండ్లు మూసుకుంటే అది యాడుందో కూడా నాకు తెలీదు. మా పాప దగ్గరికొస్తే అది పాపను కొడతాదేమోనని భయమైతాంది. అందుకే పాపను మా అత్త పక్కన పడుకోబెడతాండాను."

అంగన్‌వాడీకి వెళ్ళే వయసు కూతురు ఆమెకు. ఆ పాప అమ్మకు ఎడమవైపు నిలబడటం మానేసిందని అత్త చెప్పింది. ఎవరూ నేర్పలేదట, తనంతట తనే మానేసిందట.

ఊళ్ళో అప్పటికే దయ్యం మాట పుట్టింది. వాళ్ళు చర్చికి వెళ్ళే కుటుంబం. పాస్టరుగారు ఇంటికొచ్చి ప్రార్థన చేశాడు. పక్కింటివాళ్ళు దర్గాకు తీసుకుపొమ్మంటే అక్కడికీ వెళ్ళొచ్చారు. నేను దేనికీ అడ్డు చెప్పలేదు. వాళ్ళ భయానికి వాళ్ళు ఎక్కడ కాస్త ఓదార్పు దొరికితే అక్కడికి వెళ్తున్నారు, నా గదిలో మాత్రం ఏమంత దొరుకుతోంది గనక? అయినా ఆ ఏటి వర్షాలు తగ్గే నాటికి కాస్త మెరుగు కనిపించింది. పట్టుగుడ్డ మోచెయ్యి దాటింది. ఫోటోల్లో తప్పులు తగ్గాయి. ఒక రోజు ఫ్యాను తిరుగుతున్నా ఆపమని అడగలేదు. ముసలి నేతగాడు అది గమనించి, తనే ఏదో ఘనకార్యం చేసినట్టు నా వైపు చూసి తలాడించాడు.

అప్పుడే మా అక్క కొడుకు పెళ్ళికి సెలవు పెట్టాను. నా బదులు ఆదోని నుంచి ఒక కుర్రాడిని పంపారు. కొత్తగా చేరిన కాంట్రాక్టు ఉద్యోగి, మంచివాడు, చేతుల్లో బలం ఉన్నవాడు. పట్టేసిన చేతిని గట్టిగా వంచితే తప్ప తెరుచుకోదని మా వృత్తిలో పాతకాలపు పద్ధతి ఒకటి ఉంది. రోగి అరుస్తున్నా వదలకూడదు, వదిలితే ఆ రోజు వైద్యం వృథా. అతనికి కాలేజీలో అదే నేర్పారు. ఎముకల డాక్టరు చీటీ మీద కూడా వంచమనే ఉంది. అతను వంచాడు.

నేను వచ్చేసరికి గది తుడుస్తూ ఆయమ్మ చెప్పింది. "ఆ పిల్ల అరుపు రోడ్డు మీదికి ఇనపడింది మేడమ్. పాపం ఆ సారుకూ సెమటలు పట్టినాయి. కానీ ఇడిసిపెట్టలేదు."

అతనిని నేను తిట్టాను. ఇప్పటికీ ఆ తిట్లలో ఒక్కటి కూడా వెనక్కి తీసుకోను. కానీ అతను తల వంచుకుని నిలబడి, "ఇట్లాంటి చెయ్యి ఉంటాదని నాకెవరూ చెప్పలేదు మేడమ్" అన్నాడు. అది నిజం.

ఆమె రావడం మానేసింది. అత్తకు ఫోను చేస్తే, చెయ్యి మళ్ళీ ఉబ్బిందనీ, కుడి చేతిలో కూడా చీమలు పాకినట్టుందంటోందనీ, ఉన్నట్టుండి ఉలిక్కిపడుతోందనీ చెప్పింది. ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసే భర్త ఇంటికొచ్చినప్పుడల్లా, ఈ చేతిని తీసేయించమని ఆమె అడుగుతోందట. అతనూ ఎవరినో డాక్టరును కనుక్కుంటున్నాడట. మత్తు డాక్టరుకు ఈ మాట చెబితే ఆయన మొహంలో కబుర్లన్నీ పోయాయి. "తీసేసినా నొప్పి పోతాదని నమ్మకం లేదమ్మా. లేని చేతిలో ఉంటాది. అప్పుడు మనం ముట్టుకోనీకి కూడా ఏమీ ఉండదు. ఎట్లైనా పిలిపించు" అన్నాడు. నేను పిలుస్తూనే ఉన్నాను. ఆమె రాలేదు.

పత్తి తీతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఒక పొద్దున ఆయమ్మ గదిలోకి వస్తూనే తలుపు దగ్గర నిలబడిపోయింది. ఆమెకు ఆ అత్తాకోడళ్ళ పల్లెలో చుట్టాలున్నారు.

"మేడమ్, ఈ పొద్దు ఆ పిల్లకు వాతలు పెడతాండారంట. పసుపు కొమ్ము కాల్చి పెట్టే పెద్దాయనను పిలిపిచ్చినారు. ఆ పిల్లే పెట్టండి అనిందంట."

మా వైపు కడుపునొప్పికీ కామెర్లకూ వాతలు పెట్టడం పాత సంగతే. ఆ అత్త పొట్ట మీద కూడా చిన్నప్పటి వాతల గుర్తులు ఉన్నాయి, నాకు చూపించింది కూడా. తనకు తగ్గింది కాబట్టి కోడలికీ తగ్గుతుందని ఆమె ఆశ. ప్రేమతోనే చేస్తోంది, అదే నాకు మరింత భయం. దూది తగిలితే గోడకు కొట్టుకున్న చేతి మీద కాలిన కొమ్ము పెడితే ఆ మనిషి ఏమవుతుందో నేను ఊహించుకోలేకపోయాను. కూర్చున్నవాళ్ళకు సాయంత్రం రమ్మని చెప్పి, ఆయమ్మను తీసుకుని గోనెగండ్ల బస్సెక్కాను. అక్కడినుంచి ఆటో. ఆటో నడిపేవాడు పత్తి మూటల ట్రాక్టర్ల వెనక నింపాదిగా పోతుంటే నాకు ఏడుపొచ్చింది.

ఊరు ఖాళీగా ఉంది. నడవగలిగినవాళ్ళంతా పత్తి చేలల్లో ఉన్నారు. వాళ్ళ ఇంటి అరుగు మీద ఒక ముసలాయన ఆముదం దీపం పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన ఆకులో పసుపు కొమ్ములు. లోపలినుంచి అత్త వచ్చి నన్ను చూసి ఆగిపోయింది.

"కోడలేది?" అన్నాను.

"బయటికి పోయొస్తానని సెంబు తీసుకుని పోయింది మేడమ్. ఇంగా రాలా."

"ఎంతసేపయింది?"

ఆమె దొడ్డి వైపు చూసింది. గోడ పక్కన చెంబు పెట్టి ఉంది. నీళ్ళు నిండుగా ఉన్నాయి.

అత్త మొహం పాలిపోయింది. "బాయి కాడికి పోయిందేమో" అంటూ అటు పరుగెత్తబోయింది. ఆమె వెంట రెండడుగులు వేశానో లేదో, నాకు ఒక చప్పుడు వినపడింది. అది అప్పటిదాకా ఉన్నదే, ఊళ్ళోకి వచ్చినప్పటినుంచి వింటున్నదే, ఆటో చప్పుడో ట్రాక్టరు చప్పుడో అనుకుని పట్టించుకోలేదు. రెండిళ్ళ అవతల ఎవరిదో పశువుల కొట్టంలో జొన్న చొప్ప కత్తిరించే మిషను తిరుగుతోంది.

నేను ఆ వైపు పరుగెత్తాను. నా మోకాళ్ళు పరుగుకు పనికిరావని నాకు తెలుసు. అయినా పరుగెత్తాను.

కొట్టంలో మిషను యజమాని లేడు. ఇంకో మోపు తేవడానికి దొడ్డి వెనక్కి వెళ్ళాడని తరవాత తెలిసింది. ఆమె మిషను ముందర నిలబడి ఉంది. పక్కనుంచి కనిపిస్తోంది. ఎడమ చెయ్యి ఎప్పటిలాగే గాల్లో ఎత్తి ఉంది. కుడి చెయ్యి తొట్టిలో చొప్ప మీద పెట్టి ఉంది. చొప్పను లోపలికి లాగే రోలర్లు తిరుగుతున్నాయి, వాటి వెనక కత్తుల చక్రం. చొప్పతో పాటు ఆమె చెయ్యి కూడా మెల్లగా ముందుకు వెళ్తోంది. ఆమె దాన్ని ఆపడం లేదు.

అత్త నన్ను దాటుకుని దూకింది. ఎవరైనా చేసే పనే. పట్టుకుని వెనక్కి లాగాలి. ఆమెకు అందేంత దగ్గరగా ఉన్నది గాల్లో ఉన్న ఆ ఎడమ చెయ్యి. అది పట్టుకుంటే ఏమవుతుందో నాకొక్కదానికే తెలుసు. గోడకు కొట్టుకున్న మనిషి ఈసారి మిషనులోకి కొట్టుకుంటుంది. నేను అత్త జాకెట్టు వెనకనుంచి పట్టి లాగి, నా చేత్తో ఆమె నోరు మూశాను. కేక వేసినా కోడలు ఉలిక్కిపడుతుంది. స్విచ్చి అవతలి స్తంభానికి ఉంది. ఆయమ్మకు కళ్ళతో చూపించాను. ఆమె చెప్పులు విడిచి, గోడ వెంబడి నడిచింది.

ముట్టుకోకూడదు, అరవకూడదు. అప్పుడు నాకు మిగిలింది నా గదిలో రోజూ అడిగే ప్రశ్న ఒక్కటే. ఆమెకు కనిపించేలా కాస్త ముందుకు వచ్చి, మిషను చప్పుడులో వినపడేంత గొంతుతో, ఫోటో చూపించినట్టే అడిగాను.

"ఇటు చూడమ్మా. ఆ చొప్ప మీద ఉన్నది కుడి చెయ్యా, ఎడమ చెయ్యా?"

ఆమె చెయ్యి ఆగింది. కింద చొప్ప కదులుతోంది, చెయ్యి కదలడం లేదు. ఆమె ఆ చేతి వైపు చూసింది. పెదాలు కదిలాయి. మెడ అటు వంచి చూసింది, ఇటు వంచి చూసింది. గదిలో ఆ ఆలస్యం చూసి ఎన్నిసార్లు బాధపడ్డానో. ఆ రోజు ఆమె ఎప్పటికీ జవాబు చెప్పకూడదని కోరుకున్నాను. ఆయమ్మ స్విచ్చి కొట్టింది. మోటారు ఆగింది గానీ చక్రం ఆగలేదు, ఆ బరువుకు అది తిరుగుతూనే ఉంది. నా చెయ్యి కింద అత్త పళ్ళు నా అరచేతిలో దిగుతున్నాయి.

"ఎడమ" అంది ఆమె.

చక్రం ఇంకో చుట్టు తిరిగి, ఆమె వేళ్ళ కిందనుంచి చొప్ప కొంచెం లాక్కుని ఆగిపోయింది.

ఆమె తల తిప్పి నన్ను చూసి, "ఎప్పుడొచ్చినారు మేడమ్?" అని అడిగింది. నేను పేడలో అలాగే కూర్చుండిపోయాను. ఆయమ్మ స్తంభం పట్టుకుని ఏడుస్తోంది. అత్త కోడలిని ముట్టుకోకుండా, ఆమె చుట్టూ రెండు చేతులు చాపి నిలబడింది, పడిపోతే పట్టుకోవడానికి. అలాగే నిలబడి, వెనకాలే వచ్చిన ముసలాయనతో, "నువ్వు పోప్పా. దీపం ఆర్పి పో" అంది. ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నమే ఆమెను ఆదోని తీసుకొచ్చాం. మత్తు డాక్టరుకు ఒక్కడికే నేను చూసింది చూసినట్టు చెప్పాను. ఆయన తనే వెంట వెళ్ళి కర్నూలులో మెడ దగ్గర నరాలకు ఇంజెక్షను చేయించాడు. మనసు డాక్టరుకు కూడా చూపించాడు. నేను మళ్ళీ పట్టుగుడ్డ దగ్గరినుంచి మొదలుపెట్టాను. ఈసారి ఆ కుర్రాడిని నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. నెలలు గడిచాక అతని వేళ్ళు నా వేళ్ళకంటే మెత్తగా పనిచేయడం చూశాను. ఇప్పుడు తగ్గని నొప్పులవాళ్ళు చాలామంది అతని దగ్గరికే వెళ్తున్నారు.

ఆమెకు నొప్పి పూర్తిగా పోలేదు. చిటికెన వేలు మడవదు. చలికాలం పొద్దున్నే చెయ్యి నీలంగా మారుతుంది. కానీ ఒక రోజు బల్ల మీద ఎడమ చేతిని తనే పెట్టి, "ఇది నాదే మేడమ్, ముదనష్టపుది" అని నవ్వింది. మరుసటి పత్తికి చేలోకి వెళ్ళింది. రెండు సాళ్ళు పట్టుకోలేదు గానీ ఒక సాలు పట్టుకుంది. భర్త కూడా చెయ్యి తీసేయించే మాట మళ్ళీ ఎత్తలేదు. నొప్పి చేతిని కోసుకోబోయిందని ఊరంతా అనుకుంది. నేను సరిదిద్దలేదు. ఆమెకు కూడా చెప్పలేదు. ఆ రోజు సంగతి ఆమెకు చెంబు తీసుకుని బయటికి రావడం వరకే గుర్తు.

ఉద్యోగం ముగిసే ముందు నెలలో అత్త ఒక్కతే ఎమ్మిగనూరు వచ్చింది. కొత్త వేరుశనక్కాయలు ఒక సంచీడు తెచ్చి నా బల్ల కింద పెట్టింది. కోడలు బాగుందని చెప్పింది, మనవరాలు స్కూలుకు పోతోందని చెప్పింది. జనం వెళ్ళిపోయేదాకా కూర్చుంది. తరవాత తలుపు వైపు ఒకసారి చూసి అడిగింది.

"ఆ పొద్దు మిషన్లో పెట్టింది ఏ సెయ్యి మేడమ్?"

నేను తడబడ్డాను. "ఆ గాబరాలో నేను సరిగ్గా..."

"నేను సూసినాను" అంది. "నా నోరు మూసినారు గానీ కండ్లు మూయలేదు గదా. అది మంచి సెయ్యి. ఎడమ అనిందీ ఇన్నాను. నా కొడుక్కు సెప్పలేదు, దానికీ సెప్పలేదు. మీరూ సెప్పొద్దు. తెలిస్తే అది ఇంగ తన సేతులను తను నమ్మదు."

చెప్పనని తలూపాను. ఇన్నేళ్ళూ ఆ సంగతి నేనూ మత్తు డాక్టరూ మాత్రమే మోస్తున్నామనుకున్నాను.

"ఇప్పుడు బాగుంది గదా. నీకింకా భయమా?" అని అడిగాను.

"బాగుంది మేడమ్. మూడు పూటలా మేము కలిసే అన్నానికి కూసుంటాము. దాని కుడిసెయ్యి అన్నం తట్టలోకి పోయేదాకా సూస్తాను. పోయినాకనే నేను ముద్ద పెట్టుకుంటాను" అంది, బస్సు వేళయిందని లేచి కొంగు సర్దుకుంటూ.